గుండె ఆగింది సరే, ఎందుకు ఆగింది?

తమిళనాడు ప్రజారోగ్య, నివారణ వైద్య సంచాలక కార్యాలయం అధికారులకు,
తేనాంపేట, చెన్నై.



ఈ రాష్ట్రంలో జనన మరణాల ముఖ్య రిజిస్ట్రారు బాధ్యత మీ సంచాలకులదే. కన్యాకుమారిలో పోయినా, కోడంబాక్కంలో పోయినా, మనిషి ఎందుకు పోయాడన్న లెక్క చివరికి చేరేది మీ దగ్గరికే. ఒక్కొక్క ఆసుపత్రినీ అడుగుతూ తిరిగే ఓపిక నాకు లేదు. అడిగినా నాకు జవాబు చెప్పాలన్న పట్టింపు వాళ్ళకు లేదు. మీకు జవాబు చెప్పక తప్పదు గనక మీకే రాస్తున్నాను. తెలుగులో రాశానని పక్కన పడేయకండి. ఈ ఊరి మరణాల పుస్తకాల్లో తెలుగు పేర్లు తక్కువేమీ ఉండవు, చదివిపెట్టేవాళ్ళు మీ ఆఫీసులోనూ దొరక్కపోరు.

జ్వరంతో, ఆయాసంతో చేరిన మనిషి చనిపోతే కారణం దగ్గర 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని రాసి చేతులు దులుపుకుంటున్నారు. గుండె, ఊపిరి ఆగాయట! పాము కరిచి పోయినవాడికీ, తొంభై ఏళ్ళు బతికి నిద్రలో పోయినావిడకీ ఆగేవి అవే కదా? మరణ కారణం రాసే ఫారం 4 మీదే అచ్చువేసి ఉంది: గుండె ఆగడం లాంటి చావు తీరు కాదు, చావుకు దారితీసిన జబ్బు రాయండి అని. అచ్చులో ఉన్న ఆ ఒక్క ముక్కను అమలు చేయించాల్సింది ఎవరండీ?

వ్యాసర్పాడి నుంచి మా దూరపు చుట్టాల కుర్రాడు ఆ కాగితమే పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "బాబాయ్, నాన్నకు గుండెజబ్బు ఎప్పుడూ లేదు, గుండె అని రాశారేంటి?" అన్నాడు. వాళ్ళ నాన్నకు వచ్చింది ఇన్‌ఫ్లుయెంజా, పరీక్షలో తేలింది కూడా. జ్వరం తగ్గింది, ఇంటికి పంపారు. రెండు మూడు రోజులకే స్నానానికి వెళ్ళి కుప్పకూలాడు. వెనక్కి తీసుకెళితే గంటలో పోయాడు. అంతకుముందు రోజు కాలి పిక్క వాచిందని, నేల మీద పాదం మోపితే నొప్పిగా ఉందని అన్నాడట. ఆ పిక్క సంగతి ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు. ఫారంలో మొదటి గీత మీద ఆ ఇంగ్లీషు మాటలున్నాయి. రెండో గీత, మూడో గీత ఖాళీ. ఇన్‌ఫ్లుయెంజా అన్న మాట ఎక్కడా లేదు. ఇదేమిటని అడిగితే, "జ్వరం తగ్గిపోయింది కదా, ఇది వేరే" అన్నారట. అది ఏ ఆసుపత్రో ఇక్కడ రాయను. ఆ ఒక్క ఆసుపత్రితో పోయే జబ్బయితే మీకు లేఖ రాయాల్సిన పని లేదు.

ఇది వేరే ఎలా అవుతుంది?

నేను డాక్టరును కాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ ఊరి ల్యాబుల్లో రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసినవాణ్ణి. ఈ పరీక్షకు నీలం మూత ట్యూబులో రక్తం తీస్తారు. అందులో ఉండే సిట్రేట్ పని, రక్తం దారిలో గడ్డకట్టకుండా ఆపడం. తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు సిట్రేట్, గీత దాకా నింపాలి. 2020 వేసవి తర్వాత కొవిడ్ వార్డుల నుంచి వచ్చిన ట్యూబులు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతున్నాయి. గడ్డకు ముడిసరుకైన ఫైబ్రినోజెన్ మామూలు మనిషిలో డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములుంటుంది. వీళ్ళలో 700 దాటడం మామూలైపోయింది. డి-డైమర్ అంటే ఒంట్లో ఎక్కడో గడ్డ కట్టి కరుగుతోందని చెప్పే ముక్క. అది మిషను కొలిచే హద్దు దాటిపోతే ప్లాస్మాను పలచన చేసి మళ్ళీ పెట్టేవాళ్ళం. పక్క బల్ల మీద అదే రోగి సి.ఆర్.పి. చూస్తే అదీ చుక్కలనంటుతూ ఉండేది. సి.ఆర్.పి. చెప్పేది ఇన్‌ఫ్లమేషన్ సంగతి. రెండు పరీక్షలకు రెండు కాగితాలు, రెండు బిల్లులు. లోపల జరుగుతున్నది ఒకటే.

ఒకటే అని నా అనుభవంతో మాత్రమే అనడం లేదు. ఒడిశా తీరంలో దొరికే హార్స్‌షూ క్రాబ్ అనే పురాతన జీవి రక్తంలో దాదాపు ఒకే రకం కణం ఉంటుంది. సూక్ష్మజీవి తగిలితే ఆ కణమే చుట్టూ గడ్డకట్టించి దాన్ని అక్కడికక్కడ బంధిస్తుంది. దానికి రోగరక్షణా, రక్తం గడ్డకట్టడమూ ఒకే పని. మనలో ఆ పనులు విడిపోయాయి గానీ పాత చుట్టరికం తెగలేదు. ఈ కలగలుపుకు 'ఇమ్యునోథ్రాంబోసిస్' అని 2013లోనే పేరు పెట్టారు. అప్పటికి కొవిడ్ మాట ఎవరూ వినలేదు.

తీవ్రమైన వైరస్ జబ్బులో ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలు రక్తంలో పెరిగిపోతాయి. అవి అందగానే మోనోసైట్లనే తెల్లకణాలు టిష్యూ ఫ్యాక్టర్‌ను పైకి తెస్తాయి. గడ్డకట్టే ప్రక్రియ మొదలయ్యేదే దానితో. న్యూట్రోఫిల్ కణాలు తమ డీఎన్ఏనే వలలుగా బయటికి వదులుతాయి (2004లో బయటపడిన సంగతి ఇది). ఆ వలల్లో ప్లేట్‌లెట్లు చిక్కుకుంటాయి. రక్తనాళం లోపలి పొర ఆరోగ్యంగా ఉన్నంతకాలం గడ్డను దగ్గరికి రానివ్వదు. అదే దెబ్బతింటే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను వదిలి ప్లేట్‌లెట్లను తనకు తానే అంటించుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు పుట్టే థ్రాంబిన్ ఊరుకోదు, ఆ పొరను తిరిగి రెచ్చగొట్టి ఇన్‌ఫ్లమేషన్‌ను ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. 2024 ఆగస్టులో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన మరో అడుగు ముందుకేసింది. కొవిడ్ వైరస్ స్పైక్ ప్రొటీన్ ఫైబ్రిన్‌కు అతుక్కుని, తానే ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే గడ్డలను తయారుచేస్తుందని చూపింది. ఒకదాన్నొకటి ఎగదోసుకునే ఈ రెండింటిలో ఒకదాన్ని 'జ్వరం' అని తీసేసి, రెండోదాన్ని 'గుండె' అని రాసుకోవడానికి మీ రిజిస్టరు ఎలా ఒప్పుకుంటోంది?

పిక్కలో పుట్టిన గడ్డ తెగి ఊపిరితిత్తుల నాళంలో ఇరుక్కుంటే మనిషి స్నానాల గదిలోనే కూలిపోవచ్చు. ఆ కుర్రాడి తండ్రికి అదే జరిగిందని నేను తీర్పు చెప్పలేను, శవపరీక్ష జరగలేదు. కానీ అనుమానించాల్సిన సంగతే అది. కెనడాలోని ఆంటారియోలో చేసిన అధ్యయనం 2018లో అచ్చయింది. ఇన్‌ఫ్లుయెంజా ఖాయమైన తొలి వారం రోజుల్లో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు ఉన్నట్టు అందులో తేలింది. స్వీడన్‌లో కొవిడ్ వచ్చినవాళ్ళ రికార్డులన్నీ తిరగేసి 2022లో చెప్పిందేమిటంటే, కాళ్ళలో గడ్డల ముప్పు మూడు నెలల దాకా, ఊపిరితిత్తుల్లో గడ్డల ముప్పు ఆరు నెలల దాకా ఉంటుందని. ఆరు నెలలు! మన ఆసుపత్రుల్లో డిశ్చార్జి చీటీ మీద 'వారం తర్వాత రండి' అని రాస్తారు, అదీ రాస్తే.

వానలు ఆగిన మూడో రోజు నానిన గోడ కూలి ఓ మనిషి పోతే, ప్రభుత్వం అతణ్ణి వర్షాలకు చనిపోయినవాళ్ళలో రాస్తుంది, పరిహారమూ ఇస్తుంది. 'వాన ఎప్పుడో ఆగింది, ఇది గోడ తప్పు' అని ఈ ఊళ్ళో ఏ తహసీల్దారూ అనడు. మనిషి ఒంటి విషయంలో మాత్రం మీకు ఆ న్యాయం ఎందుకు వర్తించదు?

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి సంగతి తీసుకోండి. 2020 ఆగస్టు 5న కొవిడ్‌తో ఈ నగరంలోనే ఆసుపత్రిలో చేరారు. వెంటిలేటరు, ఎక్మో అన్నీ పెట్టారు. సెప్టెంబరు మొదట్లో వైరస్ పరీక్ష నెగటివ్ వచ్చిందని కుటుంబం చెప్పింది. తెలుగునాటా తమిళనాటా ఇళ్ళలో దీపాలు పెట్టినంత సంబరం. సెప్టెంబరు 25న పోయారు. ఆ రోజు నుంచి ఎంతమంది నాతో అన్నారో, "నెగటివ్ వచ్చాక పోయారుగా, కరోనా కాదు" అని. నెగటివ్ అంటే ముక్కులో వైరస్ దొరకలేదని అర్థం, అది రాజేసిన నిప్పు ఆరిందని కాదు. ఎక్మో మీద ఉన్న మనిషిని చూసుకోవడం కత్తి మీద సాము. రక్తం ఒంటి బయట గొట్టాల్లో తిరుగుతుంది కాబట్టి గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తూనే ఉండాలి. ఎక్కువైతే లోపల రక్తస్రావం, తక్కువైతే గడ్డ. గంటగంటకూ పరీక్ష చేసి మోతాదు సరిచూసుకుంటారు. ఇదంతా జనానికి విడమరిచి చెప్పడానికి అంతకంటే పెద్ద సందర్భం మళ్ళీ వస్తుందా? ముఖ్యమంత్రులు సంతాపం చెప్పారు గానీ, ఒక్క ఆరోగ్యాధికారీ కెమెరా ముందుకొచ్చి 'నెగటివ్ అంటే ఇదీ' అని నాలుగు ముక్కలు చెప్పినట్టు నాకు కనపడలేదు.

చట్టం ఈ విషయంలో మీకంటే ముందుంది. సుప్రీంకోర్టు 2021 జూన్ 30న తీర్పిచ్చాక కేంద్రం రాసిన మార్గదర్శకాల ప్రకారం, పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో ఆసుపత్రి బయట పోయినా అది కొవిడ్ మరణమే. చేరినవాళ్ళు బయటికి రాకుండా 30 రోజులు దాటి అక్కడే పోయినా కొవిడ్ మరణమే. మధ్యలో నెగటివ్ రావడం లెక్కలోకి రాదు. కుటుంబానికి 50 వేల రూపాయల సాయం దాని మీదే ఆధారపడింది. అయినా ఎంతమంది తల్లులు 'కార్డియో రెస్పిరేటరీ' కాగితం పట్టుకుని కమిటీల ముందు నిలబడాల్సి వచ్చిందో మీ ఫైళ్ళకే తెలియాలి. అసలు 2020 జులై 22న మీ రాష్ట్ర బులెటిన్‌లో చెన్నై మరణాలు 444 ఒక్కరోజులో ఎందుకు కలిశాయి? కార్పొరేషన్ పుస్తకాల్లో ఉన్న చావులు మీ పట్టికలో లేవు గనక. ఆ తప్పును మీరే వెతికి, మీరే బయటపెట్టి సరిదిద్దారు, అది మీ గౌరవం. చాలా రాష్ట్రాలు ఆ పని చేయలేదు. ఒకసారి చేసినవాళ్ళను మళ్ళీ చేయమని అడగడం తేలిక కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

కాగితం మీద మిగిల్చిన ఖాళీలను పుకార్లు నింపుతాయి. నటుడు వివేక్ 2021 ఏప్రిల్ 15న ఓమందూరార్ ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా వేయించుకున్నారు, మర్నాడు కుప్పకూలారు, 17న పోయారు. టీకాకు సంబంధం లేదని మీ ఆరోగ్య శాఖ కార్యదర్శి వెంటనే చెప్పారు, తర్వాత జాతీయ కమిటీ కూడా పరిశీలించి అదే తేల్చింది. జనం నమ్మారా? ఇవాళ్టికీ ఈ ఊళ్ళో నలభై ఏళ్ళవాడు జిమ్‌లో పడిపోతే టీ కొట్టు దగ్గర మొదటి మాట 'టీకా'. ఏ చావుకూ సరైన కారణం రాయని చోట మీరు ఒక్క చావు గురించి నిజం చెప్పినా వినేదెవరు?

విచిత్రమేమిటంటే, ఈ పుకారుకు జవాబు మీ ఊళ్ళోనే తయారైంది. అంబత్తూరు పక్కన అయపాక్కంలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థ వాళ్ళు దేశమంతటా 47 ఆసుపత్రుల పరిధిలో, 18 నుంచి 45 ఏళ్ళ లోపు వయసులో హఠాత్తుగా పోయిన 729 మంది సంగతి తవ్వి, 2,916 మంది ఇతరులతో పోల్చి చూశారు. 2023లో ఫలితం అచ్చయింది. రెండు డోసుల టీకా వేసుకున్నవాళ్ళలో హఠాన్మరణం అవకాశం దాదాపు సగం. అంతకుముందు కొవిడ్‌తో ఆసుపత్రిలో పడుకుని వచ్చినవాళ్ళలో దాదాపు నాలుగు రెట్లు. చావుకు ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, ఒళ్ళు విరిగే కసరత్తు చేయడం, ఇంట్లో ఇంతకుముందు అలాంటి చావు ఉండడం, ఇవీ ముప్పు పెంచాయి. జనం దోషిగా నిలబెట్టింది ఒకదాన్ని, లెక్కలు వేలెత్తి చూపింది ఇంకొకదాన్ని. మీ ఆఫీసుకు ఓ గంట దూరంలో పుట్టిన ఈ నిజాన్ని ఎన్ని రేషన్ షాపుల గోడల మీద అంటించారు? ఎన్ని ఎఫ్.ఎం.లలో చెప్పించారు?

కోవిషీల్డ్ వల్ల అరుదుగా గడ్డలు వచ్చిన మాట నిజమే, దాన్నీ దాచక్కర్లేదు. ప్లేట్‌లెట్లు విడుదల చేసే పి.ఎఫ్.4 అనే ప్రొటీన్‌కు వ్యతిరేకంగా ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసుకోవడం వల్ల అలా జరిగింది. మన దేశ కమిటీ 2021 మే 17న చెప్పిన లెక్క పది లక్షల డోసులకు 0.61. ఆ రోజే మీరు తమిళంలో, తెలుగులో, ఉర్దూలో ఇంటింటికీ చెప్పి ఉంటే, 2024 ఏప్రిల్‌లో ఇవే గడ్డల గురించి లండన్ కోర్టు కాగితాల వార్త వచ్చినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు అంత బెంబేలెత్తేవా?

డెంగీ వచ్చేసరికి ఇదే గుడ్డితనం తలకిందులవుతుంది. అక్కడ ఇన్‌ఫ్లమేషన్ వల్ల రక్తనాళాలు కారతాయి, ప్లాస్మా బయటికి పోయి రక్తం చిక్కబడుతుంది. చూడాల్సింది హిమటోక్రిట్ పెరుగుదల, బీపీ, కడుపునొప్పి, ఆగని వాంతులు. అందరూ చూసేది ప్లేట్‌లెట్ కౌంటు ఒక్కటే. సింగపూర్, మలేషియాల్లో 372 మంది మీద చేసిన పరీక్ష 2017లోనే చెప్పింది, రక్తస్రావం లేనివాళ్ళకు ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా లాభం కనపడలేదని. అయినా ఐప్పసి నెల వానలు మొదలైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో 'అర్జెంటుగా ప్లేట్‌లెట్లు కావాలి' అన్న కేకలే. దానికీ ఒక్క సర్క్యులర్ సరిపోతుంది, ఇంతకంటే సాగదీయను.

మందు ఉండి లాభమేమిటి, వేళ తప్పితే? 2021 ఆగస్టులో వచ్చిన పెద్ద పరీక్షల్లో, ఐసీయూకు చేరని కొవిడ్ రోగులకు హెపారిన్ పూర్తి మోతాదులో ఇస్తే మేలు జరిగింది. అదే మోతాదు ఐసీయూలో పరిస్థితి విషమించినవాళ్ళకిస్తే మేలు జరగలేదు. డెక్సామెథసోన్‌దీ అలాంటి కథే, కాకపోతే ఎదురు దిశలో. 2020లో బ్రిటన్ పరీక్షలో వెంటిలేటరు మీద ఉన్నవాళ్ళలో చావులు మూడో వంతు తగ్గించిన ఆ చవక మాత్ర, ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకు ఏ మేలూ చేయలేదు. ఎవరికి ఎప్పుడు ఏమివ్వాలో తెలియాలంటే, ఎవరు ఏ దశలో దేనివల్ల పోతున్నారో ముందు తెలియాలి. అది తెలిసేది ఆ ఫారంలోని రెండో గీత, మూడో గీత నుంచే. వాటిని ఖాళీగా వదిలేసిన రాష్ట్రం వచ్చే మహమ్మారికి దేన్ని చూసి సిద్ధమవుతుంది?

మీ దగ్గర ఏమీ లేక కాదు. 1939లోనే దేశంలో మొదటి ప్రజారోగ్య చట్టం చేసుకున్న గడ్డ ఇది. 'మక్కళై తేడి మరుత్తువమ్' పేరుతో బీపీ, షుగర్ మందులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళే ఆడవాళ్ళున్నారు. 'ఇదయం కాప్పోమ్' కింద 2023 నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే గుండెపోటుకు తొలి మాత్రలు ఇస్తున్నారు. ఆ మాత్రలిచ్చే నర్సమ్మ దగ్గరున్న రిజిస్టరులో 'గత నెలలో జ్వరం వచ్చిందా?' అన్న గడి ఉందా? మందులిచ్చే అక్క గుమ్మంలో నిలబడి 'జ్వరం తగ్గాక కాలు వాచిందా, మెట్లెక్కితే ఆయాసమా?' అని అడగాలని ఎవరైనా చెప్పారా? అరవై దాటిన షుగర్ రోగికి ఏటా ఇన్‌ఫ్లుయెంజా టీకా వేస్తే ఆ చలికాలం గుండెకూ రక్ష అని మీ పోస్టర్లలో ఎక్కడైనా ఉందా? లేకపోతే రాయించడానికి అయ్యే ఖర్చెంత?

2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆసుపత్రి మరణ కారణ పత్రాన్ని రిజిస్ట్రారుకు పంపడమే కాదు, దగ్గరి బంధువుకు ఒక కాపీ ఇచ్చి తీరాలి. కాబట్టి ఆ కాగితం ఇక మీ బీరువాలో ఉండేది కాదు, ప్రతి ఇంటికీ చేరేది. చదివేవాళ్ళు మాలాంటివాళ్ళు. మొదటి గీత మీద 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని మాత్రమే రాసి, కింది గీతలు ఖాళీగా వదిలిన ఏ ఫారాన్నయినా రిజిస్ట్రార్లు తీసుకోకుండా ఆసుపత్రికే తిప్పి పంపాలని ముఖ్య రిజిస్ట్రారు హోదాలో మీరొక ఉత్తర్వు ఇవ్వండి. నెలలో ఏ ఆసుపత్రి నుంచి ఎన్ని వెనక్కి వెళ్ళాయో వెబ్‌సైట్‌లో పెట్టండి. దానికి అసెంబ్లీ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. ఎప్పుడిస్తారు?

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
కోడంబాక్కం, చెన్నై